కంటికి ఆవల (9): పిడుగును కొలవబోతే

గత భాగంలో యెనా పట్టణంలో ఎర్న్‌స్ట్ అబ్బే దగ్గర ఆగాం. కటకాన్ని ఎంత నేర్పుగా సానబట్టినా సరే, మిల్లీమీటరులో ఐదువేలో వంతు కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని మామూలు వెలుగు విడదీసి చూపలేదని 1873లో ఆయన తేల్చేశాడు. లోపం అద్దానిది కాదు, వెలుగుదే. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరక్కుండానే రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలండ్‌లో బైయెరింక్ పొగాకు మొజాయిక్ తెగులు రసాన్ని బ్యాక్టీరియా దూరలేని వడపోతల గుండా పోసి చూశారు. వడగట్టిన రసం కూడా తెగులు అంటించింది. అందులో ఏదో ఉందని తెలుసు. అది పుల్లా, గుండా, ద్రవమా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. మన పొగాకు రైతులు కూడా ఎరిగిన ఆ తెగులు కారకం మరో నలభై ఏళ్లు ముఖం చూపకుండానే ప్రపంచాన్ని ఏడిపించింది.

ఆ ముఖం చూపించిన యంత్రం ఏ జీవశాస్త్రవేత్త బల్ల మీదా పుట్టలేదు. కరెంటు ఇంజినీర్ల దగ్గర పుట్టింది.

1920ల చివరి జర్మనీలో ఊరినీ ఊరినీ కలుపుతూ హై టెన్షన్ లైన్లు పరుచుకుంటున్నాయి. లైను మీద పిడుగు పడితే సెకనులో లక్షల వంతు కాలంలో వోల్టేజి ఎగసిపడుతుంది. ఇన్సులేటర్లు పగులుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతాయి, ఊళ్లు చీకట్లో మునుగుతాయి. ఆ క్షణంలో అసలు ఏం జరిగిందో నమోదు చేయగల పరికరం ఉంటే తప్ప దానికి విరుగుడు దొరకదు. ముల్లు తిరిగే మీటరు కదిలేలోపే అంతా అయిపోతుంది. బరువే లేదనదగ్గ ఎలక్ట్రాన్ల ధార మాత్రమే అంత వేగాన్ని అందుకోగలదు. అందుకే బెర్లిన్ పశ్చిమాన షార్లాటెన్‌బర్గ్‌లో ఉన్న టెక్నికల్ హైస్కూల్‌లో (పేరుకు హైస్కూలే గానీ అది సాంకేతిక విశ్వవిద్యాలయం) అడాల్ఫ్ మత్తియాస్ అనే ప్రొఫెసర్, కేథోడ్ రే ఆసిలోస్కోపును మెరుగుపరచడానికి చిన్న బృందాన్ని ఏర్పాటు చేశాడు. దానికి పెద్ద మాక్స్ క్నోల్. 1928లో అందులో చేరిన కుర్రవాళ్లలో ఒకడు ఎర్న్‌స్ట్ రుస్కా. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్లు.

ఈ కుర్రవాడి ఇల్లు గురించి రెండు మాటలు చెప్పాలి. తండ్రి యూలియస్ రుస్కా విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు, అరబ్బుల రసవాద గ్రంథాలు తవ్వి తీసిన పండితుడు. దగ్గరి బంధువు మాక్స్ వోల్ఫ్ హైడెల్‌బర్గ్‌లో పేరుమోసిన ఖగోళవేత్త. ఏడుగురు పిల్లల్లో ఐదోవాడు ఎర్న్‌స్ట్. తండ్రి చదువుకునే గదిలో కొయ్యపెట్టెలో పెద్ద జైస్ మైక్రోస్కోపు ఉండేది. తండ్రి అప్పుడప్పుడూ అందులో వింతలు చూపేవాడు, పిల్లలు మాత్రం దాని మీద చెయ్యి వేయకూడదు. తెలియక మరను తిప్పితే కటకం వెళ్లి నమూనాకు గుద్దుకుంటుందని ఆయన భయం. పండితుల ఇంట పుట్టిన ఈ అబ్బాయికి పుస్తకాల కన్నా మరలంటే మోజు, పట్టుబట్టి ఇంజినీరింగులో చేరాడు.

క్నోల్ అతనికి అప్పగించిన పని ఊరించేదేమీ కాదు. ఆసిలోస్కోపు తెరపై ఎలక్ట్రాన్ చుక్క చిన్నదిగా, ప్రకాశవంతంగా పడాలి. అందుకు గొట్టం చుట్టూ రాగితీగ చుట్టి కరెంటు పంపడం అప్పటికే వాడుకలో ఉంది. ఆ తీగచుట్ట ఎలా పనిచేస్తుందో సరిగ్గా కొలిచి చెప్పమన్నారు. 1926లో హాన్స్ బుష్ అనే భౌతికవేత్త, గాజు కటకం వెలుగును వంచినట్టే తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లను ఒక చోటికి చేరుస్తుందని గణితంతో చూపాడు. విచిత్రం ఏమిటంటే, బుష్ ఎన్నో ఏళ్ల కిందట తాను చేసిన ప్రయోగాల కొలతలు ఈ గణితంతో సరిగ్గా కలవలేదు. కలుస్తుందని కొలిచి చూపింది రుస్కా, 1929లో. ఒక చిన్న రంధ్రాన్ని ఎలక్ట్రాన్లతో వెలిగించి, తీగచుట్ట సాయంతో దాని ప్రతిబింబాన్ని తెరపైకి తెచ్చాడు. భూతద్దానికి బడిలో చెప్పుకునే సూత్రమే ఇక్కడా వర్తించింది.

ఒక కటకం ఉంటే భూతద్దం. రెండు ఉంటే మైక్రోస్కోపు. ఈ అడుగు వేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదనిపిస్తుంది. నిజానికి తెలివైనవాళ్లే వేయకుండా ఆగిపోయారు.

1928లో బెర్లిన్‌లోని కెఫే వీన్‌లో ఇద్దరు హంగేరీ మిత్రులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకడు లియో సిలార్డ్, తర్వాత అణుబాంబు కథలో మనకు ఎదురయ్యేవాడు. రెండోవాడు డెన్నిస్ గాబర్. ఇదే షార్లాటెన్‌బర్గ్ విద్యాలయంలో రుస్కా కన్నా ముందే ఆసిలోస్కోపు మీద పనిచేసి, ఇనుప తొడుగు ఉన్న తీగచుట్టను తన చేతులతో చేసినవాడు. బుష్ చెప్పింది నిజమైతే ఎలక్ట్రాన్లతో మైక్రోస్కోపు చేయవచ్చు గదా, నువ్వే ఎందుకు చేయవు అని సిలార్డ్ అడిగాడు. చేయవచ్చు, దానితో చూసేదేముంది అన్నాడు గాబర్. జీవం ఉన్నదేదీ శూన్యంలో బతకదు, పైగా ఎలక్ట్రాన్ ధార కింద పెట్టిన ప్రతిదీ మాడి మసైపోతుంది. ఈ ముచ్చట తర్వాత గాబరే స్వయంగా చెప్పుకున్నాడు. ఆ అభ్యంతరం తెలివితక్కువది కాదు. రాబోయే పదేళ్లూ రుస్కాను అడుగడుగునా ఆపింది అదే.

రుస్కాకు ఇలాంటి సంకోచాలు లేకపోవడానికి ఒక కారణం, అతనికి అంత తెలియకపోవడం. లూయీ ద బ్రాయ్ 1924లోనే ఎలక్ట్రాన్లకూ తరంగ స్వభావం ఉందన్నాడు. భౌతికవేత్తల లోకమంతా దాని గురించే మాట్లాడుకుంటుంటే, కరెంటు ప్రయోగశాలలో ఉన్న రుస్కా చెవిన ఆ మాట 1931 దాకా పడలేదు. విన్నప్పుడు సంతోషించలేదు సరికదా నీరుగారిపోయాడు. ఎలక్ట్రాన్లు రేణువులు కాబట్టి అబ్బే గీసిన గీత వాటికి ఉండదని అనుకుంటున్నవాడికి, ఇక్కడా తరంగాలేనా అనిపించింది. లెక్క వేసి చూశాక ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తరంగాలు వెలుగు తరంగాల కన్నా సుమారు లక్ష రెట్లు చిన్నవి.

1931 ఏప్రిల్ 7న రుస్కా, క్నోల్ రెండు తీగచుట్టలను ఒకదాని కింద ఒకటి అమర్చి, లోహపు జాలీ ప్రతిబింబాన్ని రెండు దశల్లో పెంచి చూశారు. ఆవర్ధనం ఇరవై రెట్లు కూడా లేదు. గడియారాలు బాగుచేసేవాడి కంటి అద్దానికి పోటీ వచ్చేదీ కాదు. అయినా ఈ యంత్రం పుట్టినరోజు ఏదంటే చరిత్రకారులు ఆ తేదీనే చూపిస్తారు. ఆ ఏడాది జూలైలో డానాట్ బ్యాంకు తలుపులు మూసేసింది, దానితో పాటే జర్మనీ బ్యాంకులన్నీ కుదేలయ్యాయి. నిరుద్యోగుల సంఖ్య అరవై లక్షల వైపు పరుగెడుతోంది. అప్పుడే పట్టా పుచ్చుకున్న రుస్కాకు ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. జీతం లేని పరిశోధక విద్యార్థిగా అదే గదిలో ఉండిపోయాడు. దేశం సుభిక్షంగా ఉండి ఉంటే అతను ఏ ఫ్యాక్టరీలోనో ట్రాన్స్‌ఫార్మర్లు చుడుతూ ఉండేవాడేమో.

అంతకు ముందు, ఆ ఏడాదే జూన్ 4న క్నోల్ బెర్లిన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. "ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్" అన్న మాటను కావాలనే నోట రానివ్వలేదు. గొప్పలు పోతున్నారని అంటారేమోనని జంకు. ఆ జంకుకు ఖరీదు చెల్లించాల్సి వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే, మే నెలాఖరున, సీమెన్స్ కంపెనీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టేసింది. ఆవిష్కర్త పేరు రైన్‌హోల్డ్ రూడెన్‌బర్గ్.

ఈయన చిన్నవాడేమీ కాదు. సీమెన్స్ విద్యుత్ విభాగానికి ముఖ్య ఇంజినీరు, గణితవేత్త మింకోవ్‌స్కీకి అల్లుడు, షార్లాటెన్‌బర్గ్‌లో పాఠాలు చెప్పేవాడు కూడా. 1930లో ఆయన చిన్న కొడుక్కి పోలియో సోకింది. రోగకారకం ఏ మైక్రోస్కోపుకూ అందనంత చిన్నదని డాక్టర్లు చెప్పారు. మనకిప్పుడు తెలుసు, పోలియో వైరస్ మిల్లీమీటరులో ముప్పైవేలో వంతు. చూడలేని శత్రువును చూసే దారి ఏదైనా ఉందా అని ఆ తండ్రి ఆలోచనలో పడ్డాడు, ఆ ఆలోచనే పేటెంటయిందని ఆయన పక్షం. రెండో పక్షం కథ వేరు. ఉపన్యాసానికి ముందు సీమెన్స్ భౌతికవేత్త మాక్స్ స్టీన్‌బెక్ వచ్చి క్నోల్ ప్రయోగశాల చూసి వెళ్లాడు. చూసింది రూడెన్‌బర్గ్ చెవిన వేశాడని, అక్కడి నుంచే దరఖాస్తు పుట్టిందని వాళ్ల వాదన. ఈ తగవు అర్ధ శతాబ్దం నడిచింది. నా మటుకు నాకు కొడుకు జబ్బూ నిజమే, స్టీన్‌బెక్ రాకా నిజమే అనిపిస్తుంది. రెంటిలో ఏది ఎంత పాలు అన్నది ఆ మనిషి మనసులో తప్ప ఇంకెక్కడా రాసి లేదు. రూడెన్‌బర్గ్ యంత్రాన్ని కట్టలేదు, కట్టే ప్రయత్నమూ చేయలేదు. పుట్టుకతో యూదుడు కావడంతో 1936లో జర్మనీ వదిలి ఇంగ్లండుకూ, అక్కడి నుంచి అమెరికాలో హార్వర్డుకూ చేరాడు.

ఇటు రుస్కా పని ఆపలేదు. 1932లో క్నోల్, అతనూ కలిసి రాసిన వ్యాసంలో మైక్రోస్కోప్ అన్న మాట ధైర్యంగా వాడారు. ఈ యంత్రం ఎప్పటికైనా మిల్లీమీటరులో దాదాపు యాభై లక్షలో వంతు దాకా చూపగలదని లెక్క కూడా కట్టారు. అంటే పరమాణువుల మధ్య దూరమన్నమాట. చదివినవాళ్లు నవ్వుకున్నారు. నిజంగా అక్కడికి చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. అదే ఏడాది తోటి విద్యార్థి బోడో ఫన్ బోరీస్‌తో కలిసి, తీగచుట్ట క్షేత్రాన్ని ఇనుప ముక్కల మధ్య సన్నని సందులోకి కుదించే కటకానికి రుస్కా పేటెంటు కోరాడు. క్నోల్ టెలివిజన్ పని మీద టెలిఫంకెన్ కంపెనీకి వెళ్లిపోయాడు. నెలకు వంద మార్కుల చొప్పున ఆరు నెలల ఉపకారవేతనం దొరికితే, దానితోనే తిండీ ఖర్చులూ నెట్టుకుంటూ రుస్కా రెండో యంత్రాన్ని కట్టాడు.

1933 చివరికి అది పన్నెండువేల రెట్ల దాకా పెంచి చూపింది. అబ్బే గీసిన గీతను మనిషి మొదటిసారి దాటింది అప్పుడే. కింద పెట్టిన నమూనాలు పలచని అల్యూమినియం రేకు, నూలు పోగు. గాబర్ అన్నట్టే నూలు పోగు మాడిపోయింది. మాడిన పోగు బొమ్మనే లోకానికి చూపాల్సి వచ్చింది. పొగచూరిన బొగ్గు నలుసు తప్ప ఇందులో ఏమీ కనిపించదని జీవశాస్త్రవేత్తలు పెదవి విరిచారంటే తప్పు పట్టలేం.

అభ్యంతరం చెప్పినవాళ్లు ఒక్క చోట పొరబడ్డారు. ఈ కథకు కీలకమంతా ఆ ఒక్క చోటే ఉంది. మామూలు మైక్రోస్కోపులో రంగు వేసిన నమూనా వెలుగును పీల్చుకుంటుంది, పీల్చుకున్న చోట నల్లగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ల విషయంలోనూ అంతేనని, పీల్చుకున్న శక్తి అంతా వేడిగా మారి నమూనాను కాల్చేస్తుందని అనుకున్నారు. నిజానికి నమూనా ఎలక్ట్రాన్లను ఆపనక్కర్లేదు, దారి కాస్త తప్పిస్తే చాలు. దారి తప్పిన ఎలక్ట్రాన్లను కటకం దగ్గరి చిన్న రంధ్రం అంచు పట్టేస్తుంది, తెరపై అక్కడ నీడ పడుతుంది. నమూనా ఎంత పలచనైతే అది అంత తక్కువ వేడెక్కుతుంది, బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది. అంటే సమస్య యంత్రంలో లేదు, నమూనా మందంలో ఉంది.

తెలిసి ఏం లాభం? డబ్బిచ్చేవాడు లేడు. 1933 డిసెంబరులో రుస్కా కూడా ఒక టెలివిజన్ కంపెనీలో ఉద్యోగానికి చేరాడు. ఫన్ బోరీస్ ఎసెన్‌లో కరెంటు కంపెనీకి వెళ్లాడు. షార్లాటెన్‌బర్గ్ యంత్రం మీద తర్వాతి విద్యార్థులు ఈగ రెక్కలూ కాళ్లూ ఫొటోలు తీస్తూ గడిపారు. ఈ లోపు బ్రసెల్స్‌లో లాడిస్లాస్ మార్టన్ అనే మరో హంగేరీయుడు సొంతంగా యంత్రం కట్టుకుని, పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా మొక్క ఆకుకు ఆస్మియం అనే బరువైన లోహాన్ని పట్టించి 1934లో ఫొటో తీశాడు. మెత్తటి జీవపదార్థాన్ని కాస్త గట్టి పరచడానికి, కాస్త ముదురుగా చూపడానికి ఈ రోజు వరకూ ప్రయోగశాలల్లో ఆస్మియం వాడుతూనే ఉన్నారు.

కంపెనీల గడప తొక్కి తొక్కి రుస్కా, ఫన్ బోరీస్ మూడేళ్లు గడిపారు. ఇంజినీర్లు చెబితే నమ్మని కంపెనీలు డాక్టర్లు చెబితే విన్నాయి. ఎర్న్‌స్ట్ తమ్ముడు హెల్ముట్ రుస్కా వైద్యం చదివాడు. అన్న యంత్రం మీద మొదటి నుంచీ అన్న కన్నా ఎక్కువ నమ్మకం ఇతనిదే. హెల్ముట్ గురువు రిచర్డ్ జీబెక్ అప్పుడు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఒక విభాగానికి అధిపతి. కంటికి కనిపించని రోగకారకాల పరిశోధనకు ఈ యంత్రం ఎంత అవసరమో వివరిస్తూ 1936 అక్టోబరులో ఆయన ఒక అభిప్రాయపత్రం రాసిచ్చాడు. దానితో పని కదిలింది. జైస్ కూడా ఆసక్తి చూపినా చివరికి సీమెన్స్‌తో ఒప్పందం కుదిరింది. రూడెన్‌బర్గ్ పేటెంట్లు తన బీరువాలో పెట్టుకున్న సీమెన్స్‌తోనే! 1937లో స్పాండావ్‌లో ప్రయోగశాల మొదలైంది. అదే ఏడాది ఫన్ బోరీస్ రుస్కాల చెల్లెలిని పెళ్లాడాడు. అన్నదమ్ములూ బావా కలిశాక ఇక అది ఇంటి పనే అయింది.

నగరంలో వాళ్లకు పోటీ లేకపోలేదు. సీమెన్స్‌కు బద్ధవిరోధి ఏఈజీ కంపెనీలో ఎర్న్‌స్ట్ బ్రూఖె బృందం అయస్కాంతాలు వద్దని విద్యుత్ క్షేత్రాలతో కటకాలు చేస్తోంది. ఎవరు ముందు, ఎవరిది అసలు మైక్రోస్కోపు అంటూ రెండు పక్షాలూ పత్రికల్లో కొట్టుకున్నాయి. అదే బృందంలోని హాన్స్ మాల్ 1940లో లోహపు పైభాగానికి పలచని అచ్చు తీసి ఆ అచ్చును చూసే ఉపాయం కనిపెట్టాడు. మందమైన ఉక్కును కోయకుండానే పరీక్షించే దారి అది. లిష్టర్‌ఫెల్డ్‌లోని సొంత ప్రయోగశాలలో మాన్‌ఫ్రెడ్ ఫన్ ఆర్డెన్ ఎలక్ట్రాన్ ధారతో నమూనాను చుక్కచుక్కగా తడిమే మరో రకం యంత్రం కట్టాడు. దాని కథ విడిగా చెప్పుకోవాలి.

1939లో గుస్తావ్ కౌషె, ఎడ్గార్ ప్‌ఫాన్‌కుఖ్, హెల్ముట్ రుస్కా కలిసి పొగాకు మొజాయిక్ వైరస్ ఫొటో ప్రచురించారు. నాలుగేళ్ల ముందే అమెరికాలో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా రాబట్టినా, ఒంటరిగా ఉన్నప్పుడు దాని ఆకారాన్ని ఎవరూ చూడలేదు. చూస్తే సన్నటి పుల్లలు! మిల్లీమీటరులో పదివేలకు మూడు వంతుల పొడవు, అందులో పదహారో వంతు వెడల్పు. బైయెరింక్ ద్రవం అనుకున్నది ఇది. ఆ ఏడాది చివర సీమెన్స్ తన మొదటి అమ్మకపు యంత్రాన్ని హెక్స్ట్ రసాయన కర్మాగారానికి పంపింది. మరుసటి ఏడాది హెల్ముట్ ఆధ్వర్యంలో నాలుగు మైక్రోస్కోపులతో అతిథి ప్రయోగశాల తెరిచారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. పిడుగును కొలవబోయి వీళ్లు తెచ్చింది వైరస్ బొమ్మ.

బయట యుద్ధం. అట్లాంటిక్ అవతల టొరంటోలో ఈలై బర్టన్ విద్యార్థులు జేమ్స్ హిలియర్, ఆల్బర్ట్ ప్రీబస్ జర్మన్ వ్యాసాలు చదివి, కావలసిన భాగాలు లేతు మీద తామే తిప్పుకుని 1938లో సొంత యంత్రం నిలబెట్టారు. అది ఏడువేల రెట్లు పెంచింది. 1940లో హిలియర్‌ను అమెరికా రేడియో కంపెనీ ఆర్‌సీఏ పిలిచి ఉద్యోగమిచ్చింది, అక్కడ యంత్రాలు వరసగా తయారవసాగాయి. ఇటు 1944లో బాంబుల వానకు సీమెన్స్ ప్రయోగశాలా, ఫన్ ఆర్డెన్ యంత్రమూ నేలమట్టమయ్యాయి. అప్పటికి ముప్పైకి పైగా చోట్లకు సీమెన్స్ యంత్రాలు చేరాయి. ఇదంతా నాజీ పాలనలోనే జరిగిందనీ, ఆ యంత్రాల్లో ఒకటి నాజీలతో చేతులు కలిపిన రసాయన సంస్థ ఐ.జి. ఫార్బెన్ వారి కర్మాగారంలో ఉందనీ మరచిపోకూడదు. వైద్యం కోసం పుట్టిందన్న మాటకు ఆ కాలంలో అంత శుభ్రమైన అర్థం ఉండదు.

యుద్ధం ముగిశాక కోర్టు తగవులు మళ్లీ లేచాయి. శత్రుదేశపు కంపెనీ ఆస్తి అంటూ అమెరికా ప్రభుత్వం పట్టుకున్న పేటెంట్ల కోసం రూడెన్‌బర్గ్ దావా వేసి 1947లో గెలిచాడు. నోబెల్ కమిటీ మాత్రం నిద్ర నటించింది. 1956లో ఫన్ బోరీస్, 1961లో రూడెన్‌బర్గ్, 1969లో క్నోల్, 1973లో హెల్ముట్ పోయారు. గాబర్ మాత్రం, వద్దనుకున్న యంత్రంలోని లోపాన్ని సరిదిద్దబోయి 1947లో హోలోగ్రఫీ కనిపెట్టి, 1971లో దానికి నోబెల్ అందుకున్నాడు. 1986లో ఎర్న్‌స్ట్ రుస్కా స్టాక్‌హోమ్‌లో బహుమతి పుచ్చుకున్నప్పుడు అతని ఎనభయ్యో పుట్టినరోజుకు పక్షం రోజులు మాత్రమే మిగిలాయి. పోయినవారికి నోబెల్ ఇవ్వరు కాబట్టి పంచుకోవడానికి పాత జట్టులో ఎవరూ లేరు. బహుమతిలో మిగతా సగం, కొత్త తరహా మైక్రోస్కోపు కట్టిన బినిగ్, రోరర్‌లకు వెళ్లింది.

మనం చాలా ముందుకు వచ్చేశాం, మళ్లీ 1940లకు వెనక్కి వెళ్లాలి. వైరస్ పలచనిది కాబట్టి కనిపించింది. మన ఒంట్లోని కణం మాటేమిటి? ఎలక్ట్రాన్ ధారకు అది కొండంత మందం, లోపలికి దూరదు, దూరినా బయటికి రాదు. కోసే కత్తి లేదు, కోతకు నిలిచే మైనం లేదు. 1945లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్ కోడిపిల్ల పిండం కణాన్ని కోయకుండానే పలచగా పరిచి ఫొటో తీసిన వైనమూ, తర్వాత పగిలిన గాజుముక్క అంచే కత్తిగా మారి కణం కడుపును తెరిచిన వైనమూ వచ్చే భాగంలో చెప్పుకుందాం. స్టాన్‌ఫర్డ్‌లో మార్టన్ దగ్గర పని నేర్చుకుని, మేఘనాద్ సాహా ప్రోత్సాహంతో కలకత్తాలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కట్టడానికి పూనుకున్న దాస్‌గుప్తా కూడా అక్కడే ఎదురవుతాడు.